కుర్రుపువ్వుకు కావలి

నాకు ముప్పై రెండేండ్లు. రిటైరైన అంటె మా అత్తమ్మనే నవ్వుతది. "నెత్తి తెల్లగైనోళ్ళు రిటైరైతరు. నువ్వు ఇంక జడకు రబ్బర్‌బ్యాండు పెట్టుకొని ఎగురుతున్నవ్, నీకేం రిటైరే?" అంటది.

నిజమే గని, నా పని అయిపోయింది అత్తమ్మా. మంచిగ అయిపోయింది. గీ "మంచిగ" అన్న మాట రాస్తుంటె పాణం ఎంత నిమ్మలమైతుందో చెప్పలేను. నడుమల ఒక ఏడాది, గీ మాట ఎన్నడన్న అంటనా అని ఏడ్చిన.

మొన్న మాధవరావు సార్ ఫోన్ జేసిండు. నా జాగల ఇద్దరు పిల్లలు కొత్తగ చేరుతున్నరట. ఒకామె సారంగాపూర్, ఒకామె పెగడపల్లి. "లతా, నువ్వు నోటితోని చెప్తె తెల్లారుతది గని అయిపోదు. జర రాసియ్యి" అన్నడు. నేను టెన్త్ పాసైన, ఇంటర్ సగంల ఆపేసిన. నాకు మాట్లాడినట్టే రాసుడు వస్తది. చెల్లెలారా, జీతం ఎప్పుడు పడతది, సంతకం ఎక్కడ పెట్టాలె, గవన్ని ఆఫీసుల చెప్తరు. నేను గవి చెప్ప. అసలు కొలువు ఎట్లుంటదో చెప్త.

కొలువు దొరుకుడు

గప్పుడు మా ఆయన మస్కట్‌ల ఉన్నడు. ఆయన పనిజేసే కంపెనీ మూత పడ్డది. జీతం లేదు, పాస్‌పోర్ట్ ఆయన చేతుల లేదు. క్యాంపుల ఉత్తగ కూసున్నడు. నేను కోరుట్లల అత్తమ్మ దగ్గరుండి బీడీలు జేస్తున్న. బీడీల పని గూడ నెలంత దొరకకపోవుడు.

మా మేనమామ గంగారాం ఇబ్రహీంపట్నం దిక్కు గోదారిల పడవ నడుపుతడు. ఒకనాడు ఇంటికచ్చి చాయ తాగుకుంట అడిగిండు.

"ఓ పోరి, పడవ ఎక్కితె కండ్లు తిరుగుతయా?"

"ఎందుకు మామా?"

"జగిత్యాల నుంచి ఒక సార్ అచ్చిండు. కుర్రు మీద ఏదో పువ్వున్నదట. దానికి కావలి ఉండాల్నట."

"మక్క చేనుకు కావలుంటరు గని పువ్వుకు కావలేంది మామా? ఎవలన్న ఎత్తుకపోతరా?"

"నాకేమెర్క బిడ్డా. గా సార్‌కు మాత్రం దాని మీదనే పాణమున్నది."

గోదారి రెండు పాయలై పోయి ముందుకువోయి మళ్ళ కలుస్తది గదా, గా నడుమల మిగిలిన గడ్డను మా దిక్కు కుర్రు అంటరు. బడిల చదువుకున్న ద్వీపమే గిది. సుట్టూ నీళ్ళు, నడుమ ఇసుక, తుంగ, ఒండ్రు మట్టి.

మాధవరావు సార్ కాలేజీల చెట్ల సదువు చెప్పి, గీ పని పెట్టుకున్నడు. వాళ్ళ తాత ఒక ఊరికి దొరట. గా సార్ కుర్రు మీద ప్యాంటు మడిచి బురదల కూసుంటె మా మామ నోరు తెరిచి సూసిండు. నన్ను ఒక్కటే అడిగిండు సార్.

"మాట్లాడుతవా బాగ?"

"ఆపకుండ మాట్లాడుత సార్. మా అత్తమ్మ గందుకే తిడుతది."

"అయితె నువ్వే కావాలె" అన్నడు.

గప్పుడు సమజ్ కాలె. తర్వాత అయింది. పువ్వుకు కావలంటె మనుషులతోని మాట్లాడుడే.

గా పువ్వు

కుర్రుపువ్వు అని మేం పెట్టుకున్న పేరు. సార్ చెప్పే అసలు పేరుకు నాకు నోరు తిరగదు. కింద ఉల్లిగడ్డసుంటి గడ్డ ఉంటది. ఆకులు పొడుగు, అంచులు నీళ్ళ అలలలెక్క వంకర వంకర. తొలి వానలు పడ్డంక నడుమల నుంచి ఒక కాడ లేస్తది. పొద్దుగూకంగ తెల్లటి పువ్వు విచ్చుకుంటది, రేకులు సన్నగ, వేలాడుకుంట. వాసన పడవ ఒడ్డుకు రాకముందే తగులుతది. తెల్లారి ఎండ పడ్డదా, వాడిపోతది. ఏడాది పొడుగూత ఆకే. పువ్వు కొన్ని దినాల ముచ్చటనే.

మొదటి రోజు సార్ ఒక ఎండిపోయే ఆకు తీసి మెల్లగ చింపిండు. రెండు ముక్కల నడుమ సాలీడు గూడసుంటి సన్నటి పోగులు సాగినయ్. "గిది గుర్తు పెట్టుకో. పచ్చి ఆకు మాత్రం ఎన్నడు చింపద్దు" అన్నడు. మనం బీడీలు జేసినోళ్ళం, ఆకు చేతికస్తె వేళ్ళు ఉత్తగుండయ్. గా మాట పాటించుడు నాకు మస్తు కష్టమైంది.

"సార్, గీ పువ్వు ఇంకెక్కడ లేదా?"

"సముద్రం నడుమ దీవులుంటయి గదా లతా, అక్కడ గిసుంటియి ఉంటయి. ఏ దీవి పువ్వు గా దీవిలనే పూస్తది, పక్క దీవిల గూడ దొరకది. గిది మన ఏటి దీవి పువ్వు. సుట్టూ నీళ్ళాయె, ఎక్కడికి పోతది?"

"మా ఊరోళ్ళలెక్క దుబాయ్ పోలేదు గదా పాపం" అన్న. సార్ నవ్విండు. ఎక్కడికి పోతదన్న సార్ మాట యాదుంచుకోండ్రి, ముందర పనికస్తది.

లోకంల ఉన్న మొక్కలు ఏది ఎంత అపాయంల ఉన్నదో పెద్ద పెద్దోళ్ళు కూసొని తేలుస్తరట. మంచిగున్నది, జర పైలం, అపాయంల ఉన్నది, అడవిల లేనేలేదు అని మెట్లు మెట్లుగ ఉంటదట. "మనది ఏ మెట్టు సార్?" అని అడిగిన. "ఏ మెట్టూ కాదు. వివరాలు లేవు అని పక్కకు పెట్టిండ్రు" అన్నడు.

నాకు గంత కోపం ఎందుకచ్చిందో సార్‌కు తెల్వది. మా ఆయన కోసం నేను ఫోన్ జేసిన కాడల్ల గదే మాట. వివరాలు లేవు. మనిషి అక్కడ బతికున్నడు, తింటున్నడో లేదో, వివరాలు లేవట. గా రోజు నుంచి గా పువ్వు నాకు ఉత్త కొలువు కాలె.

పని అంటె ఏంది

కూసునుడు. ముందు కూసునుడు నేర్చుకోండ్రి. మేకలు గీ ఆకు ముట్టయ్, చేదట. అడవి పందులు గడ్డలు తవ్వుతయ్. ఎండకాలం నీళ్ళు తగ్గినంక ఇసుక ట్రాక్టర్లు కుర్రు మీదికి ఎక్కుతయ్, గవే పెద్ద భయం.

ఒక ట్రాక్టర్ పిల్లగాడు నన్ను సూసి కూత పెట్టిండు. "ఓ అక్కా! నువ్వేమో పువ్వు కాడ కూసున్నవ్, మీ ఆయనేమో మస్కట్‌ల కూసున్నడు. ఎంత బాగున్నదే మీ సంసారం!"

ఎవలు చెప్పిండ్రో ఏమో వానికి. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్ గని నేను ఊకుంటనా? "నువ్వు పొద్దుందాక ఇసుక ఎత్తుతవ్ గదరా తమ్మీ, మీ ఇల్లు ఎన్ని అంతస్తులు లేసింది?"

వానితోటి ఉన్నోళ్ళు పడి పడి నవ్విండ్రు. వాడూ నవ్విండు. "మా ఇల్లు రేకులదే అక్కా" అన్నడు. ఇగ అటెన్క నుంచి వాడు బండి అటు పక్క నుంచి తిప్పుకపోయెటోడు, మిగిలినోళ్ళకు గూడ చెప్పెటోడు. సార్ అయితె కేసు పెడ్త అని మీదికి పోయెటోడు, వాళ్ళు ఇంక మొండికేసెటోళ్ళు. సార్ మంచోడు, గని కోపమస్తె తాత యాదికస్తడు. ఇది సార్ సదువుతడని తెల్సే రాస్తున్న.

కంచె

గిప్పుడు అన్నిటికంటె చేదు ముచ్చట.

పందులు ఎక్కువైనయ్. ఒక్క వారంల సగం గడ్డలు తవ్విపెట్టినయ్. సార్ ఎక్కడెక్కడో తిరిగి ఇనుప జాలి తెచ్చిండు. మేమందరం కలిసి మిగిలిన గడ్డలన్నిటి సుట్టూ కట్టినం. మామ గుంజలు లోతుగ పాతి, కదిలిచ్చి సూసి, "ఏనుగొచ్చినా పోదు" అన్నడు. నేను ఒక్కొక్క ముడి బిగిచ్చిన. ఎవలకూ అనుమానం రాలె. గంత మంచిగ కట్టినం.

గా వానకాలం గోదారి పెద్దగొచ్చింది. పైన గేట్లు ఎత్తిండ్రు. కుర్రు మునుగుడు కొత్త కాదు. ఎన్నో ఏండ్ల సంది మునుగుతది, తేలుతది, గడ్డలు మట్టిల భద్రంగుంటయ్. గని గీసారి కంచె ఉన్నది. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, చెట్ల కొమ్మలు, పాత చీరలు అన్నీ జాలికి పట్టుకున్నయ్. జాలి గోడ అయింది. నీళ్ళు గోడకు గుద్దుకొని కింద నుంచి మట్టిని తోడినయ్. కంచె, గుంజలు, మట్టి, గడ్డలు, అన్ని కలిసి పోయినయ్.

నీళ్ళు తీసినంక పోయి సూస్తె కుర్రు మీద మిగిలిన జాగలన్ని మంచిగనే ఉన్నయ్. మేం కంచె కట్టిన కాడ మాత్రమే గుంత. నున్నగ, కడిగినట్టు.

మామ నెత్తి రుమాలు తీసి చేతుల పట్టుకున్నడు. సార్ గుంత ఒడ్డుకు కూసొని, "మనం కట్టకపోతె ఉండేది గదా గంగారాం" అన్నడు. నేను మాట్లాడకుండ ఉన్న రోజు అదొక్కటే కావచ్చు.

ఫోటో పట్టుకొని

పక్క కుర్రులన్ని తిరిగినం. ఎక్కడా లేదు. సార్ ఇగ "అడవిల లేనేలేదు" అని రాసి పంపుతనన్నడు. ఆఫీసు గూడ మూస్తరట. నేను బతిలాడిన. "ఒక్క ఎండకాలం ఆగు సార్. ఎనుకట కుర్రు మీద దోసకాయలు, పుచ్చకాయలు పండిచ్చినోళ్ళున్నరు గదా. గేట్లు ఎప్పుడు ఎత్తుతరో తెల్వక, పంట కొట్టుకపోయి, ఎటోళ్ళు అటు పోయిండ్రు. వాళ్ళను అడుగుదాం. వాళ్ళకు ఇంకో కుర్రు తెల్సుండచ్చు."

సార్ నాకు పువ్వు ఫోటో పెద్దగ తీపిచ్చిచ్చిండు. గది పట్టుకొని నేను ఇండ్లు తిరుగుడు మొదలుపెట్టిన. కొందరు కోరుట్లల బీడీలు జేస్తున్నరు. కొందరి మొగోళ్ళు బొంబాయిల ఉన్నరు, దుబాయ్‌ల ఉన్నరు. నేను కుర్రు అనంగనే అందరు లేచి నిలవడెటోళ్ళు.

"పంట నష్టం ఇస్తున్నరా?"

"లేదమ్మా, పువ్వు గురించి..."

"పువ్వా? మా పుచ్చకాయలు ఏటిల పోతె ఒక్కడు అడగలె, పువ్వు పోయిందని ఇల్లిల్లు తిరుగుతున్నవా?"

గా మాట నిజమే చెల్లెలారా. గప్పుడు ఫోటో పక్కకు పెట్టి వాళ్ళ పుచ్చకాయల ముచ్చట ఇన్న. మీరు గూడ ముందు గది ఇనుండ్రి.

ఫోటో సూసినోళ్ళు మాత్రం అందరు ఒకటే మాట. గిసుంటి పువ్వు ఎన్నడు సూడలె. ఏండ్లకేండ్లు కుర్రు మీద గుడిసెలు ఏసుకొని ఉన్నోళ్ళు సూడకపోవుడేందని నాకు పరేషాన్.

లచ్చవ్వ కట్టు

ఆఖరుకు మిగిలిన ఇల్లు సిరిసిల్లల లచ్చవ్వది. ముసలామె. కొడుకు శీను సాంచాలు నడుపుతడు. పవర్‌లూమ్ మగ్గాలను అక్కడ సాంచాలంటరు. కోడలు రజిత నూలు కండెలు సుడుతది. నేను పోయిన పొద్దు షెడ్డు బందున్నది, నూలు రాలేదట. గంత సప్పుడుండే గల్లీ ఊకున్నది. శీను గడప మీద కూసొని, "ఇంకో నెల గిట్లనే ఉంటె నేను గూడ మస్కట్ పోతనక్కా" అన్నడు. "మస్కట్ ముచ్చట నన్నడుగు, నేను చెప్త" అన్న.

లచ్చవ్వ ఫోటో దగ్గరకు పెట్టుకొని సూసింది, దూరం పెట్టుకొని సూసింది. "లేదు బిడ్డా. గిసుంటి పువ్వు నా బతుకుల సూడలె."

అయిపోయింది. నీళ్ళు తాగి లేచిన. బయటికి రాంగనే మోరీ కాల్వ మీది బండ కదిలి, కాలు జారి, మోకాలు కొట్టుకొని పడ్డ. ఏడుపాగలె. మోకాలికి కొంత ఏడిస్తె, పువ్వుకు కొంత, మా ఆయనకు కొంత.

లచ్చవ్వ, రజిత లోపటికి తీస్కపోయిండ్రు. లచ్చవ్వ ఏదో ఆకు నూనె పూసి పొయ్యి మీద ఎచ్చజేసి, మోకాలికి సుట్టి, పాత పంచె గుడ్డతోని గట్టిగ కట్టింది. "ఇంటికి పోయేదాక ఇప్పకు. రేపటికి ఉరుకుతవ్" అన్నది.

వేములవాడల దిగి, బస్టాండుల కోరుట్ల బస్సు కోసం కూసున్న. కట్టు జారింది. మళ్ళ కడ్దామని ఇప్పిన. ఆకు ఒక కొస ఎచ్చదనం తగలక పచ్చిగనే ఉన్నది. చెప్పిన గదా, బీడీలు జేసిన వేళ్ళు ఉత్తగుండయ్. మనసు ఎక్కడనో ఉన్నది, వేళ్ళు గా కొసను చింపుతున్నయ్.

పోగులు సాగినయ్.

సన్నగ, తెల్లగ, రెండు ముక్కల నడుమ. అంచు సూసిన. వంకర వంకర.

నేను కూత పెట్టిన. బెంచి మీద పక్కన కూసున్న ముసలాయన తేలు కుట్టిందనుకొని లేచి దూరం ఉరికిండు. సార్‌కు ఫోన్ కలిపిన.

"సార్, దొరికింది సార్!"

"ఏం దొరికింది?"

"పువ్వు సార్! మోకాలి మీద!"

"ఎవరి మోకాలి మీద?"

"నా మోకాలి మీద!"

సార్ మెల్లగ అన్నడు, "లతా, ఎండల బాగ తిరిగినవా? నీళ్ళు తాగినవా?"

వచ్చిన బస్సు పోనిచ్చి, సిరిసిల్ల బస్సు ఎక్కి ఎనుకకు పోయిన. కుంటుకుంటనే.

పెయింట్ బకీటు

లచ్చవ్వ నన్ను సూసి, "కట్టు ఇప్పినవ్ గదూ?" అని తిట్లకందుకున్నది. "అవ్వా, తర్వాత తిట్టు, గా ఆకు ఎక్కడిది?" అన్న.

షెడ్డు ఎనుక పాత పెయింట్ బకీటు ఒకటి, పగిలిన సిమెంటు తొట్టి ఒకటి. రెండిట్ల గడ్డలు కిక్కిరిసి ఉన్నయ్. ఆకులు అన్ని సగానికి కోసి ఉన్నయ్.

"గిదా? గిది మోకాలాకు" అన్నది లచ్చవ్వ. "కుర్రు మీదికెల్లి వచ్చేటప్పుడు తెచ్చుకున్న. సాంచాల కాడ పొద్దుందాక నిలవడితె మోకాళ్ళు వాస్తయ్ గదా, గల్లీల అందరికి నేనే ఇస్త."

"పువ్వు పుయ్యలేదా ఎన్నడూ?"

"ఆకుకు పువ్వేందే?"

గప్పుడు సమజైంది నాకు. ఎక్కడికి పోతదన్న పువ్వు మనోళ్ళ ఎంటనే వలసొచ్చింది. వాళ్ళు నీళ్ళు తీసినంక కుర్రు మీదికి పోయెటోళ్ళు, తొలి వానలకు ముందే గుడిసెలు పీకి ఒడ్డుకచ్చెటోళ్ళు. పువ్వు పూసేనాటికి కుర్రు మీద మనిషి ఉండడు. ఇక్కడ బకీటుల పూద్దామంటె, ఆకు పెరుగుడే ఆలస్యం, కోసుడే. ఇగ పువ్వుకు బలమెక్కడిది? మేమేమో ఇల్లిల్లు పువ్వు ఫోటో సూపెట్టుకుంట తిరిగినం. ఆకు ఫోటో ఒక్కటన్న తీస్కపోలె. చెల్లెలారా, గిది నెత్తిల పెట్టుకోండ్రి. మనకు కావల్సింది సూపెట్టి అడగద్దు. వాళ్ళకు అవసరమొచ్చేది ఏందో అడగాలె.

తెల్లారి సార్ ఉరికొచ్చిండు. చెప్పులు ఇప్పి, బకీటు ముందర కూసొని, ఆకు అంచు మీద వేలు పెట్టి సూసిండు. "గిదే అనిపిస్తుంది. గని గిదే తీరుగ ఇంకో రకం తోటలల్ల ఉంటది. పువ్వు సూస్తెనే తెలుస్తది" అన్నడు. మళ్ళ లేచి, "రెండూ జగిత్యాల తీస్కపోదాం. ఆఫీసుల భద్రంగ ఉంటయ్" అన్నడు.

లచ్చవ్వ బకీటుకు అడ్డం నిలవడ్డది. "తీస్కపో. రేపటి నుంచి నా మోకాళ్ళు నువ్వు పిసుకుతవా?"

రజిత కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. సార్ మొఖం ఎర్రగైంది. తాత యాదికొస్తున్నడని నాకు తెల్సింది. పక్కకు తీస్కపోయి మెల్లగ చెప్పిన. "సార్, భద్రంగ ఉండాలనే మనం కంచె కట్టినం. గడ్డలు గిన్నేండ్లు ఎవరి దగ్గర బతికినయో వాళ్ళ దగ్గరనే ఉండనియ్యి."

సార్ పోయి లచ్చవ్వ ముందర కింద కూసున్నడు. "అవ్వా, నువ్వెట్లంటె అట్లనే" అన్నడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నయ్ శానున్నయ్ గని, గట్ల కూసునుడు అన్నిటికంటె పెద్దది. బాస్ తప్పు జేసుడు పెద్ద ముచ్చట కాదు. ఒకసారి జేసిన తప్పు మళ్ళ జేయబోయి ఆగినోడు మంచి బాస్.

తొట్టి మోకాళ్ళకు, బకీటు పువ్వుకు. గట్ల ఒప్పందమైంది. లచ్చవ్వ ఇంకో షరతు పెట్టింది. "పువ్వు పూస్తె నన్ను కుర్రు మీదికి తీస్కపోవాలె. మళ్ళ సూస్తననుకోలె."

తొలి వాన

గా నడుమల మా ఆయన అచ్చిండు. ఎవలో పుణ్యాత్ములు టికెట్ పెట్టి పంపిండ్రు. గల్ఫ్ నుంచి వచ్చెటోళ్ళు పెద్ద పెద్ద డబ్బాలు తాళ్ళతోని కట్టుకొని దిగుతరు. ఆయన చేతుల ఒక చిన్న బ్యాగే. "ఏం తేలేకపోయిన" అన్నడు. "నువ్వచ్చినవ్ గదా, ఇంకేం తేవాలె" అన్న. అత్తమ్మ ఏడ్సుకుంటనే పొయ్యి మీద పప్పు పెట్టింది. తిన్నంక ఆయన నన్నడిగిండు, "పువ్వుకు వాచ్‌మెన్‌వా నువ్వు?" అని.

"వాచ్‌మెన్‌నే. గని ఇప్పుడైతె పువ్వు లేదు. బకీటు ఉన్నది" అన్న. ఆయన చాలా నెలలకు నవ్విండు.

వానలు పడ్డయ్. ఒక సాయంత్రం రజిత వీడియో కాల్ జేసింది. బొమ్మ ఊగుతుంది, షెడ్డుల సాంచాలు నడుస్తున్నయ్, టకటక సప్పుడుకు ఏం ఇనస్తలేదు. ఫోన్ తిప్పింది. బకీటు. నడుమల కాడ. తెల్లటి రేకులు వేలాడుతున్నయ్.

"లతక్కా, ఏం వాసననే! గల్లీ అంత అచ్చి సూస్తున్నది!"

ఎనుక నుంచి లచ్చవ్వ గొంతు. "గీ ఆకుల గీ పువ్వున్నదా! గిన్నేండ్ల సంది కోస్తనే ఉన్న, ఒక్కనాడన్న చెప్పలె సూడు గిది!"

నేను గా కాల్‌ల సార్‌ను గూడ కలిపిన. సార్ కండ్లద్దాలు తీసిండు, పెట్టుకున్నడు, మళ్ళ తీసిండు. "గిదే" అన్నడు. నేను నవ్విన, ఏడ్చిన. మా ఆయన నాకేమైందోనని నీళ్ళు తెచ్చిండు.

మళ్ళ కుర్రు మీద

బకీటుల పిల్ల గడ్డలు మస్తున్నయ్. లచ్చవ్వనే తన చేతులతోని విడదీసింది. గీసారి కంచె కట్టలె. అన్ని ఒక్క కాడనే పెట్టలె. రెండు మూడు కుర్రుల మీద, ఎత్తు జాగలల్ల, ముండ్ల పొదల నడుమ పెట్టినం, పందులు దూరకుంట. మామ, మా ఆయన మట్టి మోసిండ్రు. ఎనుకట కుర్రు మీద ఉండి పోయినోళ్ళ ఇండ్లల్ల గూడ తలా ఒక కుండీ పెట్టినం. ఏరు కొన్ని తీస్కపోయింది, పందులు కొన్ని తిన్నయ్. మిగిలినయ్ మిగిలినయ్. ఆకు ఎవలకు కావాల్నన్నా ఇండ్లల్లున్న దాని నుంచే కోసుకుంటరు, కుర్రు మీదిది ముట్టరు. గీ కట్టుబాటు లచ్చవ్వ పెట్టింది, మాటినకపోతె ఫోన్ల తిడుతది.

సార్ వివరాలన్ని పంపిండు. పెద్దోళ్ళు ఇంక ఏ మెట్టో చెప్పలె. చెప్తరట. మీ ఇద్దరి కాలంల వస్తది కావచ్చు గా కబురు.

నా లెక్కల అది ఏ మెట్టో మాత్రం పోయిన వానకాలమే తెల్సింది. లచ్చవ్వను పడవల తీస్కపోయినం. మామ ఆమెను చెయ్యి పట్టి దించిండు. పొద్దుగూకుతుంది. ముండ్ల పొదల మీదికెల్లి తెల్లగ, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, ఇంకొన్ని అటెన్క. గాలి తిరిగినప్పుడల్ల వాసన. లచ్చవ్వ ఎనుకట వాళ్ళ గుడిసె ఎక్కడుండెనో, బాయి ఎక్కడ తోడిండ్రో చూపెట్టుకుంట నడిచింది. నడిచి నడిచి ఒక పువ్వు కాడ ఆగి, వంగి, పుటుక్కున తెంపింది.

సార్ "అయ్యో!" అని ముందుకు ఉరికిండు. నేనైతె రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్న.

లచ్చవ్వ తీరిపారంగ కొప్పుల పెట్టుకొని, మా మొఖాలు సూసింది. "ఏందట్ల సూస్తరు? తెంపుకునేటంత గూడ లేకపోతె గిదేం పువ్వు?"

సార్ సుట్టూ సూసిండు. గా పొద నుంచి గీ పొద దాక. ఆయన భుజాలు మెల్లగ కిందికి దిగినయ్. తర్వాత నవ్వుడు మొదలుపెట్టిండు. "తెంపుకో అవ్వా. ఇంకోటి గూడ తెంపుకో."

ఆమె ఇంకోటి తెంపి నాకిచ్చింది. నేను జడ రబ్బర్‌బ్యాండు సందుల చెక్కుకున్న. గన్నేండ్లు కావలున్న, గా పువ్వును ముట్టుడు గదే మొదలు. పడవల వస్తున్నంతసేపు చెయ్యి ఎనుకకు పోతనే ఉన్నది, ఉన్నదా పడ్డదా అని.

ఇంటికి రాంగనే అత్తమ్మ వాసన పట్టింది. "ఏం పువ్వే గది? ఎక్కడ దొరికింది? నాకొకటి తేకపోతివా?"

"రేపు తెస్త అత్తమ్మా" అన్న.